న్యూరోడైవర్జెన్స్: ఇంట్లో, బడిలో, డాక్టరు గది బయట తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్న నన్ను అమ్మానాన్నలు, టీచర్లు, ఈమధ్య ముప్పై నలభై ఏళ్ల పెద్దవాళ్లు కూడా అడిగే ప్రశ్నలివి. ఇవి చదివి మీ బిడ్డకు ఫలానాది ఉందనో లేదనో ఇంట్లోనే తేల్చేసుకోవద్దు. ఎవరి దగ్గరకు వెళ్లాలి, వెళ్లి ఏం అడగాలి, ఎవరి మాట నమ్మకూడదు అన్నది తెలియడానికి ఇవి పనికొస్తాయి.

న్యూరోడైవర్జెన్స్ అంటే ఏమిటి? అది జబ్బా?

మెదడు పనిచేసే తీరు అందరిలో ఒకేలా ఉండదు. మాట్లాడటం, చదవడం, ఒకచోట మనసు నిలపడం, శబ్దాన్నీ వెలుతురునూ తట్టుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో పసిగట్టడం లాంటి వాటిలో కొందరి తీరు చిన్నప్పటి నుంచే ఎక్కువమందికి భిన్నంగా ఉంటుంది. ఆటిజం (మనుషులతో కలవడం, మాట, శబ్దాన్నీ స్పర్శనూ గ్రహించే తీరులో తేడా), ఏడీహెచ్‌డీ (మనసు, కదలిక అదుపులో నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) వంటి నిర్దిష్ట అభ్యసన లోపాలు, డిస్‌ప్రాక్సియా (ఒంటి కదలికల పొందికలో ఇబ్బంది), టూరెట్ సిండ్రోమ్ (తెలియకుండా వచ్చే కదలికలు, శబ్దాలు) ఈ కోవలోకి వస్తాయి. మేధో వైకల్యాన్ని కూడా చాలామంది ఇందులోనే కలుపుతారు.

డాక్టరు చీటీ మీద న్యూరోడైవర్జెన్స్ అని రాయరు. ఆటిజం అనో, ఏడీహెచ్‌డీ అనో విడిగా రాస్తారు. ఇవి జ్వరంలా వచ్చి తగ్గిపోయేవి కావు, మనిషితోపాటే ఉంటాయి. అలాగని ఇవన్నీ ప్రత్యేక ప్రతిభలే, బాధపడాల్సిందేమీ లేదు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పదేళ్లు వచ్చినా మాట రాని, రాత్రి మూడింటి వరకు నిద్రపోని బిడ్డను పెంచే తల్లికి ఆ మాట చెప్పి చూడండి. తేడా ఉందన్నది నిజం, సాయం కావాలన్నదీ అంతే నిజం. ఎంత సాయం, ఏ సాయం అన్నది ఒక్కొక్కరికీ విడిగా చూసుకోవాలి.

మా బాబుకు రెండేళ్లు దాటాయి, మాటలు రాలేదు. మగపిల్లలకు ఆలస్యంగా వస్తాయి, ఆగండి అంటున్నారు. ఆగమంటారా?

ఆగొద్దు. వాళ్ల తాత ఐదేళ్లకు మాట్లాడాడట అనే కబురు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. ఆ తాతకు చిన్నప్పుడు ఏముందో మనకెవరికీ తెలియదు.

మాట కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? ఏడాదిన్నర వచ్చేసరికి వేలితో చూపిస్తున్నాడా? చూపించడంలోనూ రెండు రకాలున్నాయి. బిస్కెట్ డబ్బా కావాలని చూపించడం ఒకటి. అన్నం తినిపిస్తున్నప్పుడు చందమామను చూపించి, మీరు కూడా చూశారా లేదా అని మీ ముఖంలోకి చూడటం మరొకటి. ఆ రెండోది రాకపోవడం ఆటిజంలో చాలా తొందరగా కనిపించే గుర్తు. కావలసినదాని కోసం మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెడుతూ, మీ ముఖం మాత్రం చూడకపోవడం కూడా గమనించాలి. రెండేళ్లకు 'అమ్మ రా', 'పాలు కావాలి' లాంటి రెండు మాటల కూర్పు సొంతంగా రావాలి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా ఆ వారమే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

మొదట వినికిడి పరీక్ష చేయించండి. చప్పట్లు కొడితే తిరిగాడు కాబట్టి చెవులు బాగున్నాయని అనుకోవద్దు, శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో చూసే బెరా పరీక్ష ఉంది. తర్వాత పిల్లల డాక్టరు, వీలైతే పిల్లల ఎదుగుదల మీద ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లు. ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైంది. అందులో అనుమానం వస్తే పూర్తి పరీక్ష అవసరమని అర్థం, అంతేగాని ఆటిజం ఖాయమైనట్టు కాదు. డబ్బు పెట్టుకోలేని కుటుంబాలు అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్‌కు కూడా వెళ్లొచ్చు. దాని పాత పేరు ఎన్ఐఎంహెచ్, చాలామంది ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

పేరు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. మాట ఆలస్యమైందన్న ఒక్క కారణం చాలు, స్పీచ్ థెరపీ మొదలుపెట్టొచ్చు. వస పోస్తే మాటలొస్తాయని పెద్దవాళ్లు అంటారు. దానివల్ల మాటలు రావు. పసిపిల్లలకు అలాంటివేవీ డాక్టరును అడగకుండా పెట్టొద్దు.

ఫోన్ ఎక్కువ చూడటం వల్లే ఆటిజం వచ్చిందంటున్నారు. నిజమేనా?

ఫోన్ వల్ల ఆటిజం రాదు. 'వర్చువల్ ఆటిజం' అని యూట్యూబ్‌లో చెప్పేది ఏ వైద్య ప్రమాణ గ్రంథంలోనూ లేదు. కానీ రోజంతా రైమ్స్ చూసే పిల్లాడు ఆ సమయంలో మనుషులతో మాట్లాడటం లేదు కదా. మాట ఆలస్యమవడానికి అది ఒక కారణం కావచ్చు. ఫోన్ తగ్గించండి, దాంతోపాటు పరీక్ష కూడా చేయించండి. ఆరు నెలలు ఫోన్ మాన్పించి చూద్దాం అనుకుంటూ కూర్చుంటే విలువైన ఆరు నెలలు పోతాయి.

మరి ఎందుకొస్తుంది? మా పెంపకమా, టీకాలా, మేనరికమా?

పెంపకం కాదు. తల్లి ప్రేమగా చూడకపోతే బిడ్డకు ఆటిజం వస్తుందని 1950లు, 60లలో పాశ్చాత్య దేశాల్లో పెద్ద పెద్ద నిపుణులే అన్నారు. ఆ సిద్ధాంతం తప్పని తేలి దశాబ్దాలు గడిచాయి. అయినా మన ఇళ్లలో 'ఉద్యోగానికి పోయింది, పిల్లాడిని పట్టించుకోలేదు' అనే మాట ఆగలేదు. ఆ మాట అనిపించుకుని కుంగిపోయిన తల్లులను చూస్తూనే ఉన్నాను. ఇందులో మీ తప్పు లేదమ్మా.

టీకాలు కూడా కారణం కాదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు తట్టు టీకాను ఆటిజంతో ముడిపెడుతూ 12 మంది పిల్లల గురించి రాసిన పత్రం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాక ఈ భయం పుట్టింది. ఆ పత్రాన్ని లాన్సెట్ 2010లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన పేరును డాక్టర్ల రిజిస్టరు నుంచి తీసేశారు. తర్వాత ఎన్నో దేశాల్లో లక్షల మంది పిల్లలను పరిశీలించినా సంబంధం కనపడలేదు. మన దగ్గర తట్టు టీకా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. ఆటిజం గుర్తులు ఇంట్లోవాళ్ల కంట పడేదీ సరిగ్గా ఆ వయసులోనే. అనుమానం అక్కడి నుంచే వస్తుంది.

జన్యువుల పాత్ర చాలా ఎక్కువ. ఏదో ఒక జన్యువు అని కాదు, వందల జన్యువులతో ముడిపడిన సంగతి. ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాత పుట్టే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు ఐదింట ఒక వంతని 2024లో వెలువడిన పెద్ద అధ్యయనం చెప్పింది. నెలలు నిండకుండా పుట్టడం, తల్లిదండ్రుల వయసు ఎక్కువగా ఉండటం లాంటివీ కొంతవరకు అవకాశాన్ని పెంచుతాయి. మేనరికం సంగతి వేరు. దగ్గర సంబంధాల వల్ల కొన్ని జన్యు వ్యాధులు, వాటితో మేధో వైకల్యం వచ్చే ముప్పు పెరుగుతుంది. మీది మేనరికమై, బిడ్డకు ఎదుగుదల ఆలస్యంగా ఉంటే మరో బిడ్డను కనేముందు జన్యు సలహా తీసుకోండి.

పెళ్లికి తీసుకెళ్తే నేల మీద పడి ఒకటే ఏడుపు. అందరూ మొండితనం అన్నారు. ఎలా తెలుసుకోవాలి?

ఆ మండపాన్ని పిల్లాడి వైపు నుంచి చూడండి. ఇస్త్రీ మడతలతో గుచ్చుకునే పట్టు లాల్చీ. వీడియో లైట్ల వేడి. సెంటు, మల్లెపూలు, వంటల వాసన అన్నీ కలిసి ఒకేసారి. ముక్కూమొహం తెలియని వాళ్లు బుగ్గలు గిల్లుతుంటారు. ఇంతసేపూ ఓర్చుకుని కుర్చీలో కూర్చున్నవాడి చెవిలో మాంగల్యధారణ వేళ ఒక్కసారిగా గట్టిమేళం పేలుతుంది. మనకది మంగళవాద్యం. శబ్దాన్ని ఎక్కువగా గ్రహించే మెదడుకు అది శారీరకమైన నొప్పి. ఇక తట్టుకోలేక కుప్పకూలిపోతాడు. దీన్ని మెల్ట్‌డౌన్ అంటారు.

మొండితనంతో ఏడ్చే పిల్లాడు మధ్యమధ్యలో మీరు చూస్తున్నారా లేదా అని చూస్తాడు. అడిగింది ఇస్తే ఆగిపోతాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి ఏం ఇచ్చినా ఆగదు, ఎవరున్నారో కూడా పట్టదు. అప్పుడు కొట్టడం, అరవడం, 'అందరూ చూస్తున్నారు' అనడం మంటలో నెయ్యి పోసినట్టే. మాటలు తగ్గించి, నిశ్శబ్దంగా ఉండే చోటికి తీసుకెళ్లి, దగ్గర కూర్చోండి. కొందరికి గట్టిగా హత్తుకుంటే ఊరట, కొందరికి ముట్టుకుంటేనే బాధ. మీ బిడ్డ ఏ రకమో మీకే తెలుస్తుంది.

ముందు జాగ్రత్త ఇంకా మేలు. మెత్తని పాత కాటన్ చొక్కా వేయండి. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టండి. మండపంలో ఖాళీగా ఉండే గది ఏదో వెళ్లగానే చూసిపెట్టుకోండి. ముహూర్తం ముందు బయటకు తీసుకెళ్లి మేళం ఆగాక తీసుకురండి. అంతసేపు ఉండలేడనుకుంటే రిసెప్షన్‌లో పది నిమిషాలు కనిపించి వచ్చేయండి, చాలు.

చేతులు ఆడించడం, ఊగడం, గుండ్రంగా తిరగడం లాంటివి ఆ పిల్లలు తమను తాము కుదుటపరచుకునే పద్ధతులు. తనకో ఇతరులకో దెబ్బ తగలనంత వరకు వాటిని ఆపాల్సిన పనిలేదు.

ఒకరి బాబు అసలు మాట్లాడడు. ఇంకొకరి అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇద్దరికీ ఆటిజమేనా?

అవును. 2013 వరకు ఆస్పర్జర్ సిండ్రోమ్ వంటి పేర్లు విడిగా ఉండేవి. ఆ ఏడాది వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా సైకియాట్రిస్టుల ప్రమాణ గ్రంథం వాటన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అనే ఒక్క పేరు కిందికి తెచ్చి, కావలసిన సాయాన్ని బట్టి మూడు స్థాయిలు పెట్టింది. ఇంజినీరింగ్ చదివే అబ్బాయికి హాస్టల్ మెస్సులో నలుగురి మధ్య కూర్చుని తినడం రోజూ ఒక పరీక్ష కావచ్చు. మాట్లాడని బాబుకు చెప్పినదంతా అర్థమవుతూ ఉండవచ్చు. అందుకే అతని ఎదుటే 'వీడికేం తెలియదండీ' అని ఎప్పుడూ అనకండి.

ఏడీహెచ్‌డీ అంటే అల్లరి ఎక్కువ అనేగా?

అల్లరి అందులో ఒక భాగమే, అది లేకుండానూ ఉంటుంది. ఏడీహెచ్‌డీలో ఒకచోట నిలవలేని, ఆగలేని రకం ఒకటి, మనసు నిలవని రకం ఒకటి, రెండూ కలిసింది ఒకటి. మనసు నిలవని రకం పిల్లలు వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుంటారు, ఎవరినీ ఇబ్బంది పెట్టరు. అందుకే ఎవరి కంటా పడరు.

'క్రికెట్ అయితే మూడు గంటలు చూస్తాడు, పుస్తకం ముందు మూడు నిమిషాలు కూర్చోడు, ఇది బద్ధకం కాక ఏమిటి' అని నాన్నలు అడుగుతారు. వాడికి శ్రద్ధ లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్లించడం చేతకావడం లేదు. ఆసక్తి ఉన్నచోట అది దానంతటదే అతుక్కుంటుంది. చెయ్యాలని తెలుసు, చెయ్యాలని ఉంది కూడా, మొదలుపెట్టడమే రాదు.

డాక్టర్లు కొన్ని నియమాలతో దీన్ని తేలుస్తారు. లక్షణాలు 12 ఏళ్ల లోపే కనిపించాలి. కనీసం ఆరు నెలలుగా ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల ఇబ్బంది కలిగించాలి. ఒక్క లెక్కల టీచరు క్లాసులోనే కుదురుగా లేడంటే ముందు ఆ క్లాసు సంగతి చూడాలి.

ఇంట్లో చేయదగినది: 'స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకుని రా' అని ఒకేసారి చెప్పకండి. దగ్గరకు వెళ్లి, ఒక పని చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పండి. బ్యాగులో ఏమేం పెట్టాలో తలుపు మీద బొమ్మలతో అంటించండి. హోంవర్కును పది పది నిమిషాల ముక్కలు చేయండి.

ఏడీహెచ్‌డీకి మందులు వాడితే అలవాటైపోతాయా? మెదడు మొద్దుబారుతుందా?

డాక్టరు చెప్పిన మోతాదులో, ఆయన పర్యవేక్షణలో వాడితే వ్యసనం కావు. మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్ దీనికి ఎక్కువగా వాడే మందులు. ఆరేళ్ల లోపు పిల్లలకు మందు కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ, దినచర్యలో మార్పులు చెప్తారు. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం మామూలుగా కనిపించే ఇబ్బందులు, అందుకే బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉండాలి. పిల్లాడు నవ్వడం మానేసి స్తబ్దుగా అయిపోతే మోతాదు ఎక్కువై ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి. మందు అవసరమైన పిల్లలకు దాన్ని భయంతో మానిపించడమూ, తిట్లు తప్పించుకోవడానికి అవసరం లేనివాళ్లకు వాడించడమూ రెండూ తప్పే. పక్కింటి అబ్బాయి చీటీ చూపించి షాపులో కొనడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మా పాప నోటితో అన్నీ చెప్తుంది, చదవమంటే తడబడుతుంది. తెలుగులో కూడా డిస్లెక్సియా ఉంటుందా?

అన్ని భాషల్లోనూ ఉంటుంది, బయటపడే తీరు మారుతుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి కాలక్రమంలో చాలామంది పిల్లలు అక్షరాలు కూడబలుక్కోగలుగుతారు. వేగం మాత్రం రాదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు.

మూడో తరగతి పిల్ల నోట్‌బుక్ తెరిచి చూడండి. మ, య ఒకదాని చోట ఒకటి వస్తాయి. ప, ష, ఫ కలగాపులగం. ద, ధ, థ మధ్య తేడా నిలవదు. 'అమ్మ' కాస్తా 'అమ' అవుతుంది, ఒత్తు ఎగిరిపోతుంది. 'కొడుకు', 'కోడలు' రెండిట్లోనూ ఒకటే ఒత్వం, పొట్టి పొడుగు తెలియదు. 'స్త్రీ' దగ్గర ఆగిపోయి, వేలు పెట్టి, పెదవులు కదిపి, చివరికి బొమ్మ చూసి 'అమ్మాయి' అని చదివేస్తుంది. ఆ చివరిది తప్పు కాదు, తెలివి. అర్థం పట్టుకుంది, అక్షరం పట్టుకోలేకపోయింది. ఒకటో తరగతిలో ఇలాంటి తప్పులు అందరూ చేస్తారు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిపితే తెలుగులో నేర్చుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి, టైమ్ పడుతుంది. తోటిపిల్లలంతా దాటిపోయాక కూడా ఇవి అలాగే ఉంటే ఆలోచించాలి.

ఇక్కడ టీచర్లకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంట్లో ఇంగ్లిష్ ముక్క వినపడని పిల్లను ఇంగ్లిష్ మీడియంలో వేసి, ఇంగ్లిష్ చదవలేదని డిస్లెక్సియా అనకండి. ఆ భాష ఆమెకు ఎవరూ నేర్పనే లేదు. ఇంటి భాషలో ఎలా చదువుతోందో చూడకుండా ఏ నిర్ణయానికీ రావొద్దు. చూపు, వినికిడి పరీక్షలు కూడా ముందే అయిపోవాలి.

నిర్ధారణ మామూలుగా ఎనిమిదేళ్లు నిండాక చేస్తారు. సాయానికి మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. శబ్దాన్ని అక్షరంతో కలుపుతూ, చేత్తో ఇసుకలో రాయిస్తూ, క్రమపద్ధతిలో నేర్పడం ఆరేళ్లప్పుడే మొదలుపెట్టొచ్చు. తప్పు రాసినదాన్ని యాభైసార్లు రాయించడం వల్ల తప్పే గట్టిపడుతుంది. పాఠం చదివి వినిపించండి, జవాబులు నోటితో చెప్పించుకోండి, చదువులో వెనకబడకుండా ఉంటుంది.

లెక్కలే రావు, రాతే రాదు, ఊరికే కళ్లు కొట్టుకుంటాడు. ఇవి కూడా అవేనా?

సంఖ్యల పరిమాణమే బోధపడని ఇబ్బంది డిస్కాల్క్యులియా. రాత విషయంలో అలాంటిది డిస్‌గ్రాఫియా. చొక్కా గుండీలు పెట్టుకోవడం, బంతి పట్టడం, సైకిలు తొక్కడం వంటివి వయసుకు తగ్గట్టు రాకపోతే డిస్‌ప్రాక్సియా కావచ్చు, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవండి. తెలియకుండానే కళ్లు, భుజాలు ఎగరేయడం, గొంతు సవరించడం లాంటివి టిక్స్. చాలామంది పిల్లల్లో కొన్నాళ్లకు వాటంతటవే పోతాయి. కదలికలూ గొంతు శబ్దాలూ రెండూ ఏడాదికి పైగా ఉంటే టూరెట్ అంటారు. 'ఆపు' అని గద్దిస్తే టిక్స్ ఎక్కువవుతాయి.

ఇవి విడివిడిగానే రావాలని లేదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఒకే బిడ్డలో కలిసి ఉండటం చాలా మామూలు.

ఆడపిల్లల్లో ఇవి తక్కువా?

లెక్కల్లో తక్కువ కనిపిస్తుంది. గుర్తించకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. సిగ్గరి, నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదు అంటూ మన ఇళ్లలో ఆ అమ్మాయిని మెచ్చుకుంటారు కూడా. ఆ పిల్ల మిగతావాళ్లు ఎప్పుడు నవ్వుతున్నారో చూసి తానూ నవ్వుతుంటుంది, మాటలు ముందే మనసులో వల్లెవేసుకుంటుంది. బడిలో రోజంతా అలా నెట్టుకొచ్చి, ఇంటికి రాగానే తలుపు వేసుకుని ఏడుస్తుంది. ఇంటర్ వయసు వచ్చేసరికి డిప్రెషన్ అనో ఆందోళన అనో డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు. అప్పుడైనా చిన్నప్పటి సంగతులన్నీ డాక్టరుకు చెప్పండి.

నాకు ముప్పై ఐదేళ్లు. మా అబ్బాయి రిపోర్టు చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. ఇప్పుడు తెలుసుకుని ఏం లాభం?

చాలా ఉంది. ఇవి కుటుంబాల్లో నడిచేవి కాబట్టి ఇలా జరగడం వింతేమీ కాదు. సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పెద్దవాళ్లకూ పరీక్ష చేస్తారు. చిన్నప్పటి మార్కుల కార్డులు, టీచర్లు రాసిన మాటలు, అమ్మ చెప్పే జ్ఞాపకాలు వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీకి మందులు కూడా ఉన్నాయి. ఆఫీసులో నోటిమాటగా చెప్పినవి మెయిల్‌లో పంపమనడం, గోల తక్కువ ఉన్న సీటు అడగడం లాంటి మార్పులకు వైకల్య సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. మనసు మరీ బాగాలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు.

ఇంకో మాట. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని సంగతి దాచి పెళ్లి చేసే కుటుంబాలున్నాయి. అది ఇద్దరి జీవితాలకూ అన్యాయం. చెప్పి చేసుకున్న పెళ్లిళ్లు నిలబడటం నేను చూశాను.

ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తామంటున్నారు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తామంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. ఆటిజాన్ని తీసేసే మందు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదించిన కొన్నిటికి తప్ప స్టెమ్ సెల్స్‌ను చికిత్సగా అమ్మకూడదు. పరిశోధనగా చేస్తే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఒంట్లో లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రాణాలకే ప్రమాదం. ఆక్సిజన్ గదులకు ఆధారం లేదు. గోధుమలు, పాలు మాన్పిస్తే బాగవుతుందన్నదానికీ గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలు తప్ప తినని పిల్లాడికి అందులో రెండు తీసేస్తే నీరసించిపోతాడు.

పొలాలు, బంగారం అమ్మి ఈ ఇంజెక్షన్లు చేయించుకున్న కుటుంబాలు నా దగ్గరకు వస్తాయి. అదే డబ్బుతో ఏళ్ల తరబడి థెరపీ నడిచేది. దిష్టి తీయించుకోవడం, మొక్కు మొక్కుకోవడం మీ ఇష్టం, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. పిల్లాడిని కట్టేసి కొట్టే చోటుకు మాత్రం తీసుకెళ్లకండి, అది గుడి అయినా దర్గా అయినా సరే.

థెరపీ సెంటర్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

లోపలికి మిమ్మల్ని రానివ్వకపోతే అదే మొదటి హెచ్చరిక. సెషన్ మీరు చూడాలి, ఇంట్లో ఏం చేయాలో వాళ్లు నేర్పాలి, ఎందుకంటే వారానికి రెండు మూడు గంటలు వాళ్ల దగ్గర, మిగతా అంతా మీ దగ్గర. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే కోప్పడేవాళ్లు మనకొద్దు. మూడు నెలల లక్ష్యం కాగితం మీద రాసిమ్మనండి: 'ప్రవర్తన మెరుగుపడుతుంది' అని కాకుండా 'దాహం వేస్తే గ్లాసు బొమ్మ ఇచ్చి అడుగుతాడు' అన్నట్టు ఉండాలి.

బలవంతంగా కళ్లలోకి చూపించడం, ఏడుస్తున్నా గంటల తరబడి కుర్చీలో కూర్చోబెట్టడం లాంటివి చిన్నప్పుడు అనుభవించిన ఆటిస్టిక్ వ్యక్తులు పెద్దయ్యాక ఆ బాధను చెప్పారు. వాళ్ల మాట వినాలి. బొమ్మల కార్డులు, మాట్లాడే యాప్‌లు ఇస్తే మాటలు రావేమోనని కూడా భయపడొద్దు. వాటివల్ల మాట ఆగదు, చాలామందిలో మాటకు దారి అవుతాయి.

మేం అమెరికాలో ఉంటాం. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడాలా?

అక్కర్లేదు. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. తెలుగు మానేస్తే అమ్మమ్మ వీడియో కాల్‌లో పలకరించినప్పుడు ఆ బిడ్డకు ఏమీ అర్థం కాదు. అరకొర ఇంగ్లిష్ కంటే మీకు మనసారా వచ్చిన తెలుగులో ఎక్కువ మాట్లాడటం మేలు. అక్కడ మూడేళ్ల లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్, తర్వాత ప్రభుత్వ బడి ద్వారా ఐఈపీ (ఆ బిడ్డకంటూ విడిగా రాసే చదువు ప్రణాళిక) చట్టం ప్రకారం మీ హక్కు. ఇంగ్లిష్ తక్కువైన తల్లిదండ్రులు మీటింగులో దుబాసీని అడగొచ్చు.

స్కూల్లో 'మీ వాడిని మేం చూసుకోలేం, టీసీ తీసుకోండి' అంటున్నారు. ఏం చేయాలి?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే లేదా గుర్తింపు ఉన్న బడులు వైకల్యం కారణంగా చేర్చుకోమని అనకూడదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. మాటలతో వాదించకండి, కారణం రాసివ్వమని అడగండి. చాలా గొడవలు అక్కడే చల్లబడతాయి. కాకపోతే మండల విద్యాధికారికి, తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫీజు లేదు. వాటి సంగతి తెలియక పట్నాలకు తిరిగే పల్లె కుటుంబాలు చాలా ఉన్నాయి. పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టేవాళ్లు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం వంటి వెసులుబాట్లు ఉన్నాయి. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే హెడ్మాస్టరుకు సర్టిఫికెట్ ఇవ్వాలి. హాల్‌టికెట్లు వచ్చాక అడిగితే కష్టం.

వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడి మీద ముద్ర పడిపోతుందని మావారు వద్దంటున్నారు.

ఆ కాగితం మీ బీరువాలో ఉంటుంది, అవసరమైనచోట చూపిస్తారు, అంతే. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన లోపాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. 40 శాతం, ఆపైన ఉంటే పెన్షన్, ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వంటివి వర్తిస్తాయి. మనవాళ్లు సదరం క్యాంపు అనేది వైకల్యం ఎంత శాతమో తేల్చే పరీక్ష కోసమే. దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ దేశమంతా చెల్లుతుంది. ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు, థెరపీ ఖర్చులతో సహా వస్తాయి.

మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు?

అందరూ చివరికి అడిగే ప్రశ్న ఇదే. అది కూడా పిల్లాడు బయటకు వెళ్లాక, గొంతు తగ్గించి అడుగుతారు. దీనికి ఒక్క జవాబు లేదు, కానీ ఇప్పటి నుంచే చేయగల పనులున్నాయి.

స్నానం, బట్టలు ఉతుక్కోవడం, అన్నం వండుకోవడం, డబ్బు లెక్క, ఒంటి మీద ఎవరు చెయ్యి వేయకూడదో తెలియడం: ఇవి ఏబీసీడీల కంటే ముందు. పదేళ్ల వయసులోనూ అమ్మే అన్నం కలిపి తినిపిస్తుంటే ముందు అది మార్చండి. పద్నాలుగు, పదిహేనేళ్లకు వృత్తి శిక్షణ గురించి చూడండి. అన్నకో చెల్లికో 'నువ్వే చూసుకోవాలి' అని చిన్నతనంలోనే బరువు ఎత్తకండి. పెద్దయ్యాక అడగండి, కాదనే స్వేచ్ఛ వాళ్లకు ఇవ్వండి.

పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో మీరు సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి, ఆపరేషన్ సంతకం అన్నిచోట్లా ఈ చిక్కు వస్తుంది. ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుల నియామకం జరుగుతుంది. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. తన పనులు తాను నిర్ణయించుకోగలవాళ్లకు ఇది అవసరం లేదు, ఉన్న హక్కును తీసేయకూడదు కూడా.

వీలునామా రాయండి. ఇల్లు నేరుగా బిడ్డ పేరున పెట్టేముందు లాయరుతో ట్రస్టు గురించి మాట్లాడండి. మీరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. సర్వీసులో ఉండగానే ఆ బిడ్డ పేరు, సర్టిఫికెట్ రికార్డుల్లో ఎక్కించుకోండి. ఇక ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి: ఏ మందు ఎప్పుడు, ఏ కూర తినడు, భయమేస్తే ఏం చేస్తాడు, ఏ పాట వింటే నిద్రపోతాడు, బాధ వస్తే ఎలా చెప్తాడు. అది ఎక్కడుందో ఇంకో ఇద్దరికి తెలిసి ఉండాలి, ప్రతి పుట్టినరోజుకూ ఒకసారి సరిచూసి కొత్తగా రాయాలి.